బొటనవేలు

ఆ గోడ సంగతి నన్నడగండి.
టికెట్లు చింపే అమ్మాయికి తెలియదు,
చిన్న జెండా ఎత్తి గుంపును నడిపించే గైడుకి అసలే తెలియదు.
నేను ఎవరిస్తో మేస్త్రీ దగ్గర గమేళా మోసిన పిల్లాణ్ణి.
ఇప్పుడు అవే మెట్ల కింద చీపురు పడుతున్నాను.

సాన్ తెలెస్ఫోరోలో ఇది సర్కారు మొక్కజొన్న గిడ్డంగి.
లోపలికి గింజ పోయేది, బయటికి అప్పు వచ్చేది.
మెట్ల పక్క గోడ బోసిగా ఉందని
రాజధాని నుంచి బొమ్మలేసే ఆవిణ్ణి పిలిపించారు.
పేరు ఒబ్దులియా. మగవాళ్ళ ప్యాంటు, చెవి మీద పెన్సిలు,
పెదాల మధ్య ఎప్పుడూ ఆరిపోయిన చుట్ట.

తడిగోడ మీద బొమ్మంటే
పొద్దున మేస్త్రీ ఎంత పూస్తే అంతే ఆనాటి లోకం.
చీకటి పడేసరికి సున్నం బిగుసుకుంటుంది,
ఆపైన రంగు గోడకు అతుక్కుంటుందే కాని గోడలోకి దిగదు.
"దేవుడుగారూ, ఇవాళ ఎంత లోకం ఇస్తున్నారు?"
"మూడు జానలమ్మా. మోకాలు పట్టేసింది."

ఆ మూడు జానల్లో ఒకరోజు గాడిద,
ఒకరోజు గాడిద మీద మూట,
ఒకరోజు మూట మీద మనిషి,
ముఖం ఉండాల్సిన చోట వాడికి లెక్కల పుస్తకం.
పాము తాడులా పడుంది, తాడు పాములా లేచింది.
త్రాసు మాత్రం ఆఖరున వేసింది.
ఒక పళ్ళెంలో మా మొక్కజొన్న, రెండోదాంట్లో రాయి,
రాయి మీద ఒక బొటనవేలు.
వేలే. చెయ్యి లేదు, మనిషి లేడు.

గవర్నరు పంపిన మనిషొచ్చి చాలాసేపు చూశాడు.
"ఎవరిదా వేలు?"
ఒబ్దులియా నోట్లో చుట్ట తీసింది.
"ఎవరు జేబులో దాచుకుంటే వాళ్ళది."
ఆయన రెండు చేతులూ జేబుల్లోనే ఉన్నాయి.

వారం తిరక్కుండా హుకుం: గోడకి సున్నం కొట్టండి.
కొట్టేదెవరు? మళ్ళీ మా మేస్త్రీయే.
పొద్దుటికి గోడ తెల్లబడకపోతే
నీ ఒంట్లో సున్నంలోకి ఎముక మిగలదన్నారు జవాన్లు.

సున్నం అంటే ఏమిటో మా అమ్మ తొమాసాకి తెలుసు.
దాని నీళ్ళలో ఉడికితేనే గింజ తొక్క వదుల్తుంది,
పిండి ముద్ద కడుతుంది, రొట్టె అవుతుంది.
రంగును పట్టుకునేదీ అదే. కప్పేదీ అదే.
జ్వరాల ఏడు మా చెల్లెలి మీద పోసిందీ అదే.

రాత్రి లాంతరు కింద మేస్త్రీ సున్నం కలిపాడు.
నాగజెముడు జిగురు పొయ్యలేదు.
జిగురు లేని సున్నం గోడకు చుట్టమే, సొంతమనిషి కాదు.
నేను నోరు తెరిచాను.
"ఇవాళ నాగజెముడు దొరకలేదురా" అన్నాడు,
దొడ్డి దొడ్డికీ నాగజెముడే కంచె అయిన ఊళ్ళో.

పంతొమ్మిది వానాకాలాలు గడిచాయి.
మేస్త్రీ పోయాడు. రెండు పార్టీలు పేర్లు మార్చుకున్నాయి.
ఇరవయ్యో వానకి మొదటి పెచ్చు రాలింది,
బొటనవేలి దగ్గరే.
ఊడ్చి పారేయబుద్ధి కాలేదు. కాఫీ డబ్బాలో పోసుకున్నాను.

ఇప్పుడు గైడు చెబుతుంది:
గమనించండి, వేలి మీద గీతలు లేవు,
అధికారానికి ఆనవాలు ఉండదనడానికి ఇది ప్రతీక.
గుంపు తలలూపుతుంది.
కావచ్చు, నాకు చదువు లేదు.

కాని ఆ పూట దొరవేలు చూసి వేద్దామంటే
దొర దొరకలేదు.
మేస్త్రీయే చెయ్యి కడుక్కుని,
రాయి మీద వేలు నొక్కి, నాలుగు గంటలు నిలబడ్డాడు.
నలభై ఏళ్ళ సున్నం ఆ వేలి గీతలు తినేసింది.
శనివారం కూలిపట్టీలో ముద్ర వేస్తే ఉత్త మచ్చ పడేది.
"ఇది ముద్ర కాదు" అని గుమాస్తా సగం కూలి పట్టుకునేవాడు.

గుంపు కదిలాక తాడు దాటి మెట్టెక్కుతాను.
ఆ వేలి మీద నా వేలు ఆనిస్తాను.
నాది ఇంకా కాస్త గరుకు.